'బాంఝ్'కి మగ రూపం లేదా?

బాంఝ్. పెళ్లయి మూడేళ్లు దాటినా ఒడి నిండని ప్రతి ఆడపిల్లా మన ఇళ్లలో ఈ మాట వినే ఉంటుంది. మొదట బావర్చీఖానాలో గుసగుసగా, తర్వాత దస్తర్‌ఖాన్ దగ్గర అందరి ముందే. తెలుగులో గొడ్రాలు అంటారు, అదీ ఆడదానికే. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో, డిగ్రీలో తెలుగు చదివిన నాకు ఈ రెండు భాషల ఇంటి వాడుకలో మగవాడికి అంటించే ఇలాంటి మాట ఒక్కటీ తగల్లేదు. అరబ్బీలో 'అఖీమ్' ఉంది. సూరె షూరా చివర్లో, కొందరికి కూతుళ్లని, కొందరికి కొడుకుల్ని, కొందరికి ఇద్దర్నీ ఇవ్వడం, కొందరికి అసలే ఇవ్వకపోవడం అల్లాహ్ మర్జీ అని చెప్పేచోట వచ్చేది ఆ మాటే. అక్కడ ఆడా మగా ఫరఖ్ లేదు. ఆ ఫరఖ్ పెట్టింది మనం.

"మగవాడికి నామర్ద్ అనే మాట ఉంది కదా భాయ్" అంటారు. అది వేరే సంగతి. నామర్ద్ అంటే భార్య దగ్గరికి పోలేనివాడు. భార్య దగ్గరికి పోగలిగి, అన్నీ సవ్యంగా ఉండి, అయినా పిల్లలు కలగని మగవాడు ఉంటాడు. అతనికి మన భాషలో పేరే లేదు. పేరు లేదు కాబట్టి అలాంటి మనిషే లేడనుకుంటున్నాం. ఆ ఖాళీలోకి అతని బీవీని తోస్తున్నాం.

మా ఖాందాన్‌లో ఒక బాజీ ఉంది. ఎనిమిదేళ్లు దవాఖానాల చుట్టూ తిరిగింది. గర్భసంచిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు, ఆ నొప్పి ప్రసవమంత ఉందని ఏడ్చింది. పొట్టకి రంధ్రం పెట్టి కెమెరాతో చూశారు. ట్యూబులు బాగున్నాయన్నారు. అయినా వదల్లేదు. దర్గాలో ధాగా కట్టించారు, తావీజు వేయించారు, నలభై రోజులు ఏవో పొడులు మింగించారు. ఆ ఎనిమిదేళ్లలో దూల్హే భాయ్ ఒక్కసారి కూడా చిన్న డబ్బాలో నమూనా ఇవ్వలేదు. "మేరా బచ్చా షేర్ జైసా హై" అని వాళ్లమ్మ. తొమ్మిదో ఏట షేర్‌కి రెండో నిఖా చేశారు. కొత్త దుల్హన్‌కి నాలుగేళ్లు గడిచాయి. అదే దర్గా, అదే ధాగా. చివరికి పట్నంలో ఒక లేడీ డాక్టర్ మొగుడి రిపోర్టు లేకుండా నేను చెయ్యి పెట్టను అని కూర్చుంది. రిపోర్టులో శుక్రకణాల సంఖ్య దగ్గర సున్నా. పసితనంలో రెండు వైపులా హెర్నియా ఆపరేషన్ అయిందట, అప్పుడు నాళాలు దెబ్బతిన్నాయి. మొదటి బాజీ అప్పటికే మాయ్‌కేలో కూర్చుని బ్లౌజులు కుడుతోంది. రిపోర్టు సంగతి ఆమెకి చెప్పడానికి కూడా ఎవరూ పోలేదు.

దీన్ని ఖిస్మత్ అనకండి. ఇది జుల్మ్. ఈ జుల్మ్‌కి కారణం బద్‌మాషీ ఒక్కటే అయితే నేను ఇంత రాయను. సగం జహాలత్. మగవాడి ఒంట్లో ఏది ఎటు పోతుందో మనకెవరూ చెప్పలేదు. మా స్కూల్లో సైన్స్ ఉస్తాద్ తౌలీదీ నిజామ్ సబఖ్ దగ్గరికి వచ్చేసరికి పేజీలు మడిచి "యే ఘర్ మే పఢ్ లో" అన్నాడు. ఇంట్లో ఆ పేజీ తెరిచి ఉండగా అబ్బా చూస్తే చెంప పగిలేది. శుక్రవాహిక అన్న తెలుగు మాట నాకు ఎదురైంది పత్రికలో చేరి హెల్త్ పేజీ దిద్దేటప్పుడు. కాబట్టి ఆ మడిచిన పేజీలు ఇప్పుడు తెరుద్దాం. షరమ్ అనిపిస్తే తలుపేసుకుని చదవండి, కానీ చదవండి.

శుక్రకణాలు తయారయ్యేది వృషణాల్లో, వెంట్రుకల్లాంటి సన్నని గొట్టాల్లో. ఒక్కో కణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. అయితే అక్కడ పుట్టిన కణానికి ఈదడం రాదు, అండంలోకి దూరడం రాదు. వృషణం వెనక, పై నుంచి కిందికి అంటిపెట్టుకుని ఒక మెత్తని ఉండ ఉంటుంది. ఇంగ్లీషులో ఎపిడిడిమిస్, అరబ్బీలో బర్‌బఖ్. చేతికి అది ఐదారు సెంటీమీటర్ల ముద్దలా తగులుతుంది గానీ నిజానికి అది ఒకే ఒక్క గొట్టం, జర్దోజీ దారపు ఉండలా చుట్టుకుని ఉంటుంది. విప్పి పరిస్తే దాదాపు ఆరు మీటర్లు. రెండు వైపులా రెండు. ఆ ఆరు మీటర్లు దాటేటప్పుడే కణానికి ఈత వస్తుంది. కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది ఆ ప్రయాణం.

ఉండ చివర నుంచి మొదలయ్యేది శుక్రవాహిక. నలభై సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. గోడ మందం, లోపలి దారి మాత్రం సూది మొన అంత. అది తొడ సందు మీదుగా పొట్టలోకి ఎక్కి, మూత్రాశయం మీదుగా వెనక్కి తిరిగి దిగుతుంది. అక్కడ శుక్రాశయం అనే సంచి నాళం దానితో కలుస్తుంది. రెండూ కలిసి రెండు సెంటీమీటర్ల పొట్టి స్ఖలన నాళం అవుతాయి. అది ప్రోస్టేట్ గ్రంథిని చీల్చుకుంటూ పోయి మూత్రనాళంలో తెరుచుకుంటుంది. హెర్నియా ఆపరేషన్ జరిగేది సరిగ్గా ఆ తొడ సందులోనే. చిన్న పిల్లాడిలో ఆ వాహిక సన్నని నూలుపోగులా ఉంటుంది, కత్తికి దొరకడం ఎంతసేపు?

ఇప్పుడు అసలు మాట. బయటికి వచ్చే వీర్యంలో వృషణాల నుంచి వచ్చే వాటా వందలో రెండు నుంచి ఐదు పాళ్లే. మూడింట రెండొంతులో, ఇంకొంచెం ఎక్కువో శుక్రాశయాల నుంచి వస్తుంది, మిగిలింది చాలావరకు ప్రోస్టేట్ నుంచి. అంటే ఎపిడిడిమిస్‌లో గానీ శుక్రవాహికలో గానీ అడ్డు పడితే కణం ఒక్కటీ బయటికి రాదు, కానీ వీర్యం వస్తూనే ఉంటుంది. అదే రంగు, అదే చిక్కదనం, ఇంచుమించు అంతే కొలత. ఇంటి మీద రెండు ట్యాంకులు ఉన్నాయనుకోండి. చిన్న ట్యాంకు పైపు మూసుకుపోయినా నల్లాలో ధార తగ్గదు, ఎందుకంటే నల్లాకి నీళ్లు ఎక్కువగా వచ్చేది పెద్ద ట్యాంకు నుంచి. మొగుడికి తెలియదు. బీవీకి తెలియదు. "షేర్ జైసా" అన్న వాళ్లమ్మకి ఎలా తెలుస్తుంది? శుక్రకణాన్ని మనిషి మొదటిసారి చూసిందే 1677లో, డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారం చేసిన లేవెన్‌హుక్ భూతద్దం కిందికి వచ్చినప్పుడు. మూడు వందల యాభై ఏళ్లు కావస్తున్నా మనం ఇంకా కళ్లతోనే తేలుస్తున్నాం.

మర్దానగీ సంగతి? గడ్డం, గొంతు, కోరిక, బలం, ఇవన్నీ ఇచ్చే హార్మోన్ కూడా వృషణంలోనే తయారవుతుంది. కానీ అది ఈ నాళాల్లోంచి పోదు. నేరుగా నెత్తురులో కలుస్తుంది. నాళం తెగినా, మూసుకుపోయినా, పుట్టుకతోనే లేకపోయినా ఆ హార్మోన్‌కి ఏమీ కాదు. నాళం ఒక దారి, నెత్తురు ఇంకో దారి. ఈ ఒక్క వాక్యం మన ఇళ్లలో తెలిసి ఉంటే ఎంతమంది ఆడపిల్లల కాపురాలు నిలిచేవో.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు లోపం ఉంటుంది, అతనొక్కడిదే కావచ్చు, భార్యది కూడా కలిసి కావచ్చు. మొత్తం మగవాళ్లలో నూటికి ఒకరికి వీర్యంలో కణాలే ఉండవు. పిల్లల్లేరని పరీక్షకి వచ్చే మగవాళ్లలో నూటికి పది, పదిహేను మంది అలాంటివాళ్లు. వాళ్లలో పదిమందికి నలుగురికి కారణం నాళాల్లో అడ్డు. టీబీ వల్ల రావచ్చు, టీబీ ఊపిరితిత్తుల్లోనే ఉంటుందనుకోవడం పొరపాటు. గనేరియా, క్లమీడియా లాంటి సుఖవ్యాధుల వల్ల రావచ్చు. ఆపరేషన్ల వల్ల రావచ్చు. కొందరికి శుక్రవాహికలు పుట్టుకతోనే ఉండవు. దాన్ని కనిపెట్టడానికి స్కానింగ్ కూడా అక్కర్లేదు, తెలిసిన డాక్టర్ వేళ్లతో తడిమితే చాలు, ఉండాల్సిన చోట గట్టి తాడులాంటిది తగలదు. ఎనిమిదేళ్లలో రెండు నిమిషాల పని అది.

ఆడదాని ట్యూబు పొడవెంతో తెలుసా? పది, పన్నెండు సెంటీమీటర్లు. "ట్యూబులు బ్లాక్ అయినయంట" అనే మాట మన గల్లీల్లో పాన్ డబ్బా దగ్గర కూడా వినపడుతుంది. ఆ పది సెంటీమీటర్లలో అడ్డుందేమో అని మందు ఎక్కించి, మత్తిచ్చి, పొట్ట కోసి చూస్తారు. ఒక్కో పక్క ఆరు మీటర్ల దారిని మోస్తూ తిరిగే మగవాడిని మాత్రం కొన్ని వందల రూపాయల పరీక్షకి పిలవరు. పిలిస్తే ఇజ్జత్ పోతుంది.

ఈ ఇజ్జత్ మీద బతికే బజార్ ఒకటుంది. బస్టాండ్ గోడల మీద, రైలు పట్టాల వెంట, ఇప్పుడు ఫోన్లలో కూడా: గుప్తరోగాలు, మర్దానా కమ్‌జోరీ, వారంలో నతీజా. కూర్చున్నవాడు తనని హకీమ్ అనుకుంటాడు. నిజమైన హకీములున్నారు, చార్మినార్ పక్కనే సర్కారీ యునానీ దవాఖానా ఉంది, వాళ్లని నేను అనడం లేదు. ఇబ్నె సీనా వెయ్యేళ్ల కిందటే 'అల్ ఖానూన్'లో సంతానం కలగకపోవడానికి కారణాన్ని మగవాడి వైపూ, ఆడదాని వైపూ కూడా వెతికాడు. ఆయన పేరు బోర్డు మీద రాసుకున్న ఈ గుడారం హకీములు మాత్రం మగవాడి దగ్గర డబ్బు గుంజుతారే గానీ భూతద్దం కింద ఒక చుక్క పెట్టరు. వీళ్ల మాట ఒకటి తరాలుగా తిరుగుతోంది: నూరు చుక్కల ఖూన్ ఒక చుక్క వీర్యమవుతుందట. ఎముకల్లోంచి వస్తుందట. పైన చెప్పింది గుర్తుంది కదా, వచ్చేది చాలావరకు రెండు రకాల గ్రంథుల రసం, అందులో ఫ్రక్టోజ్ అనే చక్కెర, జింక్ లాంటివి ఉంటాయి. పోతే మళ్లీ ఊరుతుంది, ఉమ్మి ఊరినట్టు.

"వారంలో నతీజా" కూడా అబద్ధమని ఆ ఆరు మీటర్ల గొట్టమే చెబుతుంది. కణం తయారు కావడానికి రెండున్నర నెలలు, దారికి రెండు వారాల దాకా. నిజంగా పనిచేసే మందే అయినా మూడు నెలల లోపు రిపోర్టులో తేడా చూపించలేదు. ఇక దారి మూసుకుపోతే ఏ మాజూన్, ఏ ఖుష్తా దాన్ని తెరవలేదు. బలం పేరుతో కొందరు టెస్టోస్టెరాన్ సూదులు పొడుస్తారు, జిమ్ పిల్లలు కూడా పొడిపించుకుంటున్నారు. బయటి నుంచి ఆ హార్మోన్ పోస్తే లోపల శుక్రకణాల తయారీ పడిపోతుంది. ఉన్నదీ పోతుంది.

ఇలాంటి ప్రకటనల్ని ఆపడానికి 1954లోనే చట్టం వచ్చింది, మందులు, మంత్రమహిమల చికిత్సల ప్రకటనల చట్టం. ఏ జబ్బుల పేరుతో ప్రకటన ఇవ్వకూడదో దాని షెడ్యూల్లో జాబితా ఉంది. అందులో లైంగిక పటుత్వం లేకపోవడం ఉంది. 'స్త్రీలలో వంధ్యత్వం' ఉంది. పురుషులలో వంధ్యత్వం లేదు! 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం చూడండి, అందులో భర్త నపుంసకత్వం భార్యకి విడాకుల కారణం. అక్కడ కూడా మగవాడికి తెలిసిన లోపం అదొక్కటే. మన సాస్‌లూ ఢిల్లీ వకీళ్లూ ఒకే మదర్సాలో చదివినట్టున్నారు.

నాళం మాట ఎత్తగానే మన మగవాళ్లు బెదరడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశంలో అరవై లక్షలకి పైగా మగవాళ్లకి నస్‌బందీ చేశారు. 1976 నవంబరులో హరియాణాలోని ఉటావర్‌ని, మేవాతీ ముసల్మానుల ఊరిని, పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లని పట్టుకుపోయారు. ఆ ఖౌఫ్ మా నానాల నోట విన్నాం. జబర్‌దస్తీగా చేసిన ఆ పని క్షమించరానిది. అయితే ఆ కోపం ఒక తప్పు ఖయాల్‌ని కూడా మన ఇళ్లలో పాతేసింది, నాళం తెగితే మగతనం పోతుందని. నస్‌బందీ జాయిజా కాదా అన్నది ఉలమా తేల్చాల్సిన మసలా, నేను అందులోకి పోను. ఒంటి సంగతి మాత్రం తేలిపోయింది. వాహిక తెగినవాడికి హార్మోన్ అలాగే ఉంటుంది, వీర్యం అలాగే వస్తుంది. తెగిన చోటుకి అవతల మిగిలిన కణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది కాబట్టి, ఆ తర్వాత పరీక్ష చేసి సున్నా అని చూసుకుంటేగానీ ఆపరేషన్ పనిచేసిందని చెప్పలేరు. చేసిన డాక్టర్‌కే కంటితో తెలియదు, భూతద్దం కావాలి. ఈ భయం ఫలితం అంకెల్లో కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన జంటల్లో కు.ని. ఆపరేషన్ ఆడవాళ్లకి చేసింది నూటికి 37.9, మగవాళ్లకి చేసింది 0.3. పిల్లలు వద్దన్నా కోత ఆడదానికే, పిల్లలు కావాలన్నా కోత ఆడదానికే. ఇది ఒక్క మన ఖౌమ్ రోగం కాదన్నమాట, కానీ మన ఇంటి చెత్త మనమే ఊడ్చుకోవాలి.

పరీక్ష గురించి చెబుతాను, ఎందుకంటే బహానాలన్నీ అక్కడే పుడతాయి. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. ఒక్క రిపోర్టుతో తేల్చరు, కొన్ని వారాల తేడాతో రెండోది కూడా చూస్తారు. "నమూనా ఇచ్చే పద్ధతి గునాహ్ కదా" అని అడిగేవాళ్లున్నారు. మీరు నమ్మే ఆలిమ్‌ని అడగండి, తప్పక అడగండి. ల్యాబుల్లో ఇందుకోసమే మందు పూయని ప్రత్యేకమైన తొడుగులు ఉంటాయి, మియాబీవీ కలిసినప్పుడే నమూనా తీసుకోవచ్చు. మామూలు నిరోధ్ పనికిరాదు, అది కణాల్ని చంపొచ్చు. మసలా అడగడం వేరు, మసలాని పరదా చేసుకుని ఎనిమిదేళ్లు దాక్కోవడం వేరు.

రిపోర్టులో సున్నా వస్తే లోకం మునగదు. కణాలు లేవు, వీర్యం కూడా బాగా తక్కువ, అందులో ఫ్రక్టోజ్ లేదు అంటే అడ్డు కింద, స్ఖలన నాళం దగ్గర ఉండొచ్చు, లేదా వాహికలు పుట్టుకతోనే లేకపోవచ్చు. వీర్యం సరిపడా ఉండి కణాలు లేవంటే అడ్డు పైన ఎపిడిడిమిస్ దగ్గర ఉండొచ్చు, లేదా వృషణమే తయారు చేయకపోతూ ఉండొచ్చు. ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష, వృషణాల సైజు చూసి డాక్టర్ ఆ తేడా పట్టుకుంటాడు. కొన్ని అడ్డులని మైక్రోస్కోపు కింద ఆపరేషన్ చేసి కలుపుతారు. కలపడం కుదరకపోతే ఎపిడిడిమిస్ నుంచో వృషణం నుంచో సూదితో కణాలు తీసి, ఒక్క కణాన్ని ఒక్క అండంలోకి ఎక్కిస్తారు. ఆ పద్ధతిలో మొదటి బిడ్డ పుట్టింది 1992లో, బెల్జియంలో. కణం భర్తది, అండం భార్యది, నిఖా నిలిచి ఉండగా, మూడో మనిషి ప్రమేయం లేకుండా జరిగితే అభ్యంతరం లేదని ఒంటి బయట గర్భధారణ గురించి అల్ అజ్‌హర్ 1980లోనే ఫత్వా ఇచ్చింది. ఖర్చు మాత్రం ఎక్కువ, ప్రతిసారీ ఫలిస్తుందనీ లేదు. ఒక హెచ్చరిక: శుక్రవాహికలు పుట్టుకతో లేనివాళ్లలో చాలామందికి ఒక జన్యువులో లోపం ఉంటుంది. ఖాలా, మామూల పిల్లల్ని చేసుకున్న ఇళ్లలో భార్యకీ అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది, అప్పుడు బిడ్డకి ఊపిరితిత్తుల పెద్ద జబ్బు రావొచ్చు. ముందు ఇద్దరూ జన్యు పరీక్ష చేయించుకోవాలి.

ఖాజీ సాబ్‌లకి ఒక దర్ఖాస్తు. ఔలాద్ లేదని చెప్పి రెండో నిఖాకి గానీ తలాఖ్‌కి గానీ మీ గడప తొక్కే మగవాడిని ఒక్క కాగితం అడగండి. అతని సొంత వీర్యపరీక్ష రిపోర్టు. చదవడానికి మీరు డాక్టర్ కానక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస కొలతలు వీర్యం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటర్‌కి కోటీ అరవై లక్షల కణాలు. ఆ రెండు అంకెల పక్కన అతని అంకెలు ఉంటాయి. తక్కువగా ఉంటే డాక్టర్ దగ్గరికి పంపండి. కాగితమే తేలేదంటే, మహర్ సంగతీ గవాహుల సంగతీ మాట్లాడకముందే, అతని మొదటి బీవీని పిలిపించి కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి: "బేటీ, నీకెన్ని పరీక్షలు చేయించారు?"